తంపర నుంచి చిలికా దాకా: చిత్తడి నేలల కర్బనాన్ని నీటి వైరస్‌లు ఎటు మళ్లిస్తాయి?

ఒడిశాలో ఛత్రపురం పక్కనున్న తంపర సరస్సుకు, అంతర్జాతీయ ప్రాముఖ్యం ఉన్న చిత్తడి నేలలకు ఇచ్చే రామ్‌సర్ గుర్తింపు 2022లో దక్కింది. గంజాం, ఖుర్దా, పూరీ జిల్లాల మీదుగా పరచుకున్న చిలికాకు ఆ గుర్తింపు 1981లోనే వచ్చింది. ఇలాంటి గుర్తింపుల గురించి రాసేటప్పుడు ఈమధ్య ఒక మాట తప్పకుండా కనిపిస్తోంది: చిత్తడి నేలలు కర్బనాన్ని దాచుకుంటాయి, భూమి వేడెక్కడాన్ని ఆ మేరకు తగ్గిస్తాయి అని. సైన్సు వార్తల్లో మరో మాట కనిపిస్తోంది: చెంచాడు సరస్సు నీటిలో కోట్ల వైరస్‌లు ఉంటాయి, కర్బనం ఎటు పోవాలో తేల్చడంలో వాటికీ పాత్ర ఉంది అని.

ఈ రెండు మాటలూ పక్కపక్కన చదివిన వారికి సందేహాలు కలగడం సహజం. వైరస్‌లు ఉన్నాయంటే ఆ నీరు చెడినట్టా? కంటికి కనిపించని రేణువులకు, వేల ఎకరాల సరస్సులోని కర్బనానికి సంబంధం ఏమిటి? గంజాం తీరంలో ఈ ప్రశ్నలు దూరపు ప్రశ్నలు కావు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడేదాకా ఈ ప్రాంతం మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేది. బరంపురంలోనూ, గోపాల్‌పూర్ నుంచి ఋషికుల్య నది మొగ (సముద్రంలో కలిసే చోటు) దాకా ఉన్న జాలరి ఊళ్లలోనూ తెలుగు కుటుంబాలు తరతరాలుగా ఉంటున్నాయి. చేప, రొయ్య, ఉప్పు, వరి అన్నీ ఈ నీటి మీదే నడుస్తాయి.

సంక్షిప్తంగా

సరస్సు నీటిలోని వైరస్‌లలో అత్యధిక భాగం బాక్టీరియానూ నాచునూ ఆశ్రయించేవి, మనుషులను కాదు. అవి సూక్ష్మజీవులను పగలగొట్టినప్పుడు లోపలి కర్బనం నీటిలో కలుస్తుంది. అందులో కొంత కార్బన్ డయాక్సైడ్‌గా గాలిలోకి పోతుంది, కొంత బురదలోకి దిగుతుంది. మీథేన్‌ను పుట్టించే జీవులనూ, మీథేన్‌ను తినే జీవులనూ కూడా వైరస్‌లు ఆశ్రయిస్తాయి. చివరి ఫలితం ఎటు మొగ్గుతుందో ఉప్పు, ప్రాణవాయువు, నీటి కదలిక కలిసి నిర్ణయిస్తాయి. అందుకే మంచినీటి తంపరకూ చిలికా దక్షిణాన ఉన్న ఉప్పునీటి రంభకూ ఒకే లెక్క సరిపోదు.

వైరస్ అనగానే రోగం కాదు

కోవిడ్ తర్వాత వైరస్ అన్న మాటకు భయం తోడైంది. రొయ్యల చెరువులు ఉన్నచోట ఆ భయం ఇంకా పాతది. 1990ల మధ్యలో మన తీరానికి వచ్చిన తెల్లమచ్చ వ్యాధికి కారణం ఒక వైరస్సే. అది సోకితే రోజుల వ్యవధిలో చెరువు చెరువే ఖాళీ అయిపోతుంది. దాన్ని కళ్లారా చూసిన రైతుకు నీటిలో వైరస్‌లు ఉండటం మామూలే అని చెబితే నమ్మకం కలగకపోవడంలో ఆశ్చర్యం లేదు.

కానీ ప్రతి వైరస్‌కూ ఆశ్రయం ఇచ్చే జీవి వేరు. తెల్లమచ్చ వైరస్ రొయ్యలు, పీతల వంటి జీవులకు సోకుతుంది, మనిషికి సోకదు. సరస్సు నీటిలో లెక్కకు మిక్కిలిగా ఉండేవి బాక్టీరియాను ఆశ్రయించే బాక్టీరియోఫేజ్‌లు. క్లుప్తంగా వాటిని ఫేజ్‌లంటారు. వీటి చరిత్రలో మన దేశానికీ చోటుంది. గంగ, యమున నీటిలో కలరా సూక్ష్మజీవులు నశిస్తున్నాయని, నీటిని మరగబెడితే ఆ గుణం పోతోందని ఆగ్రాలో పనిచేసిన ఎర్నెస్ట్ హాంకిన్ 1896లో రాశాడు. కారణం ఏమిటో అప్పటికి తేలలేదు. 1915లో ఫ్రెడరిక్ ట్వార్ట్, 1917లో ఫెలిక్స్ డెరెల్ విడివిడిగా బాక్టీరియాను చంపే వైరస్‌లను వర్ణించారు. బాక్టీరియోఫేజ్ అన్న పేరు డెరెల్ పెట్టిందే.

అవి ఎన్ని ఉంటాయన్నది తెలియడానికి మరో డెబ్భై ఏళ్లు పట్టింది. 1989లో నార్వే పరిశోధకులు సముద్రపు నీటినీ సరస్సు నీటినీ ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శిని కింద చూసి, అంతవరకు ఊహించినదానికన్నా ఎన్నో రెట్లు వైరస్‌లు ఉన్నట్టు చూపించారు. సముద్రపు పైపొర నీటిలో మిల్లీలీటరుకు సుమారు కోటి వైరస్‌లు ఉంటాయి. టీ చెంచాలో పట్టే నీటిలో ఐదు కోట్లన్నమాట. పోషకాలు మెండుగా ఉన్న సరస్సుల్లో ఇది పది రెట్లు పెరగవచ్చు. అడుగు బురదలో అయితే గ్రాముకు వంద కోట్ల దాకా చేరుతుంది. ప్రపంచ సముద్రాల్లోని వైరస్‌లన్నిటిలో ఉన్న కర్బనాన్ని కూడితే 7.5 కోట్ల నీలి తిమింగలాల్లో ఉన్నంత అవుతుందని 2005లో కెనడా శాస్త్రవేత్త కర్టిస్ సటిల్ లెక్కగట్టాడు.

ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. మురుగు కలిసిన నీటిలో హెపటైటిస్ ఎ, హెపటైటిస్ ఇ, రోటా వంటి మనుషుల వైరస్‌లు ఉంటాయి. వాటి మూలం సరస్సు కాదు, ఊరి కాలువ. సరస్సులో సహజంగా ఉండే ఫేజ్‌లకు భయపడనక్కరలేదన్న మాటను, సరస్సు నీరు అలాగే తాగవచ్చన్న అర్థంలో తీసుకోకూడదు.

బురదలో కర్బనం ఎందుకు ఆగుతుంది

నేల మీద రాలిన ఆకు కొన్ని నెలల్లో కుళ్లి కలిసిపోతుంది. అదే ఆకు బీల (చిత్తడి) భూమిలో పడితే ఏళ్ల తరబడి నల్లటి పీచుగా ఉండిపోతుంది. తేడా ప్రాణవాయువుది. నీటితో నిండిన మట్టిలోకి గాలి చేరే వేగం చాలా తక్కువ. పై కొద్ది మిల్లీమీటర్లలోనే బాక్టీరియా ఉన్న ప్రాణవాయువునంతా వాడేస్తాయి. ఆ కింద కుళ్లడం నెమ్మదిస్తుంది. ఏటా చనిపోయే తుంగ, జమ్ము, కిక్కిస, నాచు కుళ్లేదానికన్నా ఎక్కువగా పేరుకుంటాయి. భూమి మీది నేలలో చిత్తడి నేలల వాటా ఆరేడు శాతానికి మించదు. అయినా నేలల్లో ఉన్న మొత్తం కర్బనంలో ఐదో వంతు నుంచి మూడో వంతు దాకా వాటిలోనే ఉందని అంచనా.

దీనికి మరో ముఖం మీథేన్. ప్రాణవాయువు లేనిచోట ఆర్కియా అనే సూక్ష్మజీవుల్లోని కొన్ని జాతులు మీథేన్‌ను తయారు చేస్తాయి. మంచినీటి చెరువు అడుగున కర్రతో పొడిస్తే పైకి లేచే బుడగల్లో ఎక్కువగా ఉండేది ఇదే. వందేళ్ల లెక్కలో మీథేన్ వేడిని పట్టి ఉంచే శక్తి కార్బన్ డయాక్సైడ్‌తో పోలిస్తే సుమారు 28 రెట్లు, ఇరవై ఏళ్ల లెక్కలో అయితే 80 రెట్ల పైనే. సహజంగా వెలువడే మీథేన్‌లో అత్యధిక భాగం చిత్తడి నేలలదే. దాచుకునేదీ ఇదే చోట, వదిలేదీ ఇదే చోట. ఒక సరస్సు మేలు చేస్తోందా అన్నది ఈ రెంటి తేడాను బట్టి తేలుతుంది. ఆ తేడాను అటో ఇటో జరిపే శక్తుల్లో వైరస్‌లు ఒకటి.

ఒక్క కణం పగిలితే

ఫేజ్‌కు సొంత ఆహారం, సొంత శ్వాస లేవు. బాక్టీరియా గోడకు అతుక్కుని తన జన్యుపదార్థాన్ని లోపలికి పంపుతుంది. బాక్టీరియా యంత్రాంగం ఇక ఫేజ్ ప్రతులను తయారు చేస్తుంది. గంటల్లోనే కణం పగిలి పదుల సంఖ్యలో, ఒక్కోసారి వంద దాటి, కొత్త ఫేజ్‌లు బయటపడతాయి. సముద్రపు పైపొరలో రోజూ సుమారు ఐదో వంతు బాక్టీరియా ఇలా నశిస్తుందని అంచనా.

కర్బనం కథ అక్కడ మొదలవుతుంది. వైరస్ లేకపోతే బాక్టీరియాను ఏకకణ జీవి తింటుంది, దాన్ని చిన్న రొయ్యలాంటి ప్లవకం తింటుంది, దాన్ని చేప పిల్ల తింటుంది. కర్బనం మెట్టు మెట్టుగా పైకెక్కి చివరికి వలలో పడుతుంది. వైరస్ పగలగొట్టిన కణం మాత్రం ఎవరి నోటికీ అందదు. దాని లోపలి రసం నీటిలో కరిగిపోతుంది. దాన్ని పీల్చుకోగలిగేవి మళ్లీ బాక్టీరియా మాత్రమే. అవి పీల్చుకున్న కర్బనంలో చాలా భాగాన్ని శ్వాసలో కార్బన్ డయాక్సైడ్‌గా వదిలేస్తాయి. మిగిలినదాంతో పెరుగుతాయి, మళ్లీ ఫేజ్‌లకు చిక్కుతాయి. ఆహారపు మెట్ల మీదికి పోవలసిన కర్బనం ఇలా అడుగుమెట్టు దగ్గరే చక్కర్లు కొడుతుంది. దీన్ని శాస్త్రవేత్తలు వైరల్ షంట్ అంటారు, అంటే వైరస్‌లు తవ్విన పక్క కాలువ. సముద్రంలో కిరణజన్య సంయోగక్రియ పట్టుకున్న కర్బనంలో 6 నుంచి 26 శాతం దాకా ఈ కాలువలోకి మళ్లుతుందని స్టీవెన్ విల్‌హెల్మ్, సటిల్ 1999లో అంచనా వేశారు.

ఇంతవరకే చూస్తే వైరస్‌లు కర్బనాన్ని గాలిలోకి తోసేవిగా కనిపిస్తాయి. చాలా కథనాలు ఇక్కడే ఆగిపోతున్నాయి. అది సగం చిత్రం. కణం పగిలినప్పుడు బయటపడేది పల్చటి రసం ఒక్కటే కాదు. గోడల తునకలు, జిగురు పదార్థం కూడా ఉంటాయి. జిగురు పక్కనున్న నాచు తునకలను, మట్టి రేణువులను ఒకటిగా అంటిస్తుంది. ముద్దలు బరువెక్కి అడుగుకు దిగుతాయి. ఇది వ్యతిరేక దిశలో పనిచేసే మార్గం. తారా అనే నౌక సేకరించిన నమూనాల ఆధారంగా 2016లో వెలువడిన ఒక అధ్యయనం, పోషకాలు తక్కువగా ఉండే సముద్రాల్లో లోతుకు దిగే కర్బనంతో అన్నిటికన్నా గట్టి సంబంధం కొన్ని వైరస్‌లకే ఉందని చూపింది. ఇక బాక్టీరియా గోడల తునకలు తేలికగా కుళ్లవు. చాలా నేలల్లో నిలవ ఉన్న సేంద్రియ కర్బనంలో పెద్ద భాగం ఇలాంటి చచ్చిన సూక్ష్మజీవుల అవశేషమే.

చిత్తడి నేలలో సముద్రానికి లేని ఒక సౌలభ్యం ఉంది. లోతు తక్కువ. సముద్రంలో తునక అడుగుకు చేరడానికి కిలోమీటర్లు ప్రయాణించాలి, దారిలోనే ఎవరో తినేస్తారు. చిలికాలో చాలాచోట్ల లోతు రెండు మీటర్లకు మించదు. దిగిన తునక గంటల్లో బురద చేరుతుంది. అయితే అదే లోతు తక్కువతనం వల్ల గట్టి గాలి వీస్తే బురద మళ్లీ పైకి లేస్తుంది, దాచినది మళ్లీ నీటిలో కలుస్తుంది. ఈ రెండింటి మధ్య పోటీని తేల్చే పెద్ద అంశం నీటి మొక్కలు. దక్షిణ చిలికాలో పెరిగే సముద్రపు గడ్డి వేళ్లు బురదను పట్టి ఉంచుతాయి. గడ్డి పోయిన చోట బురద నిలవదు.

ఫేజ్‌లకు రెండో పద్ధతి కూడా ఉంది. కొన్ని వెంటనే చంపకుండా తమ జన్యువును బాక్టీరియా జన్యువులో కలిపి నిద్రాణంగా ఉండిపోతాయి. బాక్టీరియా విభజన చెందిన ప్రతిసారీ అవీ ఉచితంగా రెట్టింపవుతాయి. ఆశ్రయమిచ్చిన బాక్టీరియాకు ఇబ్బంది వచ్చినప్పుడు మేలుకుని పగలగొట్టి బయటికి వస్తాయి. నిద్రాణంగా ఉన్నంత కాలం ఆ కర్బనం పక్క కాలువలోకి రాదు. అయితే ఆ కాలంలో ఫేజ్ తెచ్చిన జన్యువులు బాక్టీరియా స్వభావాన్నే మార్చగలవు. కలరా విషపు జన్యువు అసలు ఒక ఫేజ్ మోసుకొచ్చినదేనని 1996లో రుజువైంది.

మీథేన్ చుట్టూ

2018లో ఉత్తర స్వీడన్‌లోని స్టోర్డాలెన్ చిత్తడి నేల మీద వెలువడిన అధ్యయనం ఈ రంగంలో ఒక మలుపు. కరుగుతున్న మంచునేలలోని జన్యుపదార్థాన్ని చదివి 1,907 వైరస్ సమూహాలను గుర్తించారు. వాటిలో కొన్ని మీథేన్‌ను తయారుచేసే ఆర్కియాను ఆశ్రయిస్తున్నాయి, కొన్ని మీథేన్‌ను తినే బాక్టీరియాను ఆశ్రయిస్తున్నాయి. మొక్కల పీచును చిన్న చక్కెరలుగా కోసే ఎంజైమ్ జన్యువులు కూడా కొన్ని వైరస్‌లలో దొరికాయి. అంటే చంపడంతో పాటు, బతికున్నంతసేపు ఆశ్రయ జీవి చేత పీచును వేగంగా కోయించే సామర్థ్యం కూడా వాటికి ఉండవచ్చు.

ఈ మాట వినడానికి వింతగా ఉన్నా దీనికి ముందు ఉదాహరణ ఉంది. ఎండతో ఆహారం తయారుచేసుకునే సైనోబాక్టీరియాను ఆశ్రయించే ఫేజ్‌లలో కిరణజన్య సంయోగక్రియకు కావలసిన జన్యువులు ఉన్నాయని 2003లోనే తేలింది. బాక్టీరియా చనిపోయేదాకా వెలుతురు పట్టే యంత్రం ఆగకుండా చూసుకోవడం ఫేజ్‌కు లాభం. ఆ శక్తితోనే దాని ప్రతులు తయారవుతాయి. 2020లో మంచినీటి సరస్సుల్లో దొరికిన కొన్ని పెద్ద ఫేజ్‌లలో మీథేన్‌ను ఆక్సీకరించే ఎంజైమ్‌కు చెందిన ఒక భాగపు జన్యువు కనిపించింది. నీటి అడుగున పుట్టిన మీథేన్ పైకి వచ్చే దారిలో ఈ బాక్టీరియా పొరను దాటాలి. వైరస్ ఆ పొరను బలపరుస్తుందా, పలచబరుస్తుందా అన్నదాన్ని బట్టి గాలిలోకి చేరే మీథేన్ మారుతుంది.

మీథేన్ తయారుచేసే ఆర్కియాను వైరస్ చంపితే ఉద్గారం తగ్గుతుందని తేల్చేయడానికి లేదు. చచ్చిన కణాల రసం మిగిలిన ఆర్కియాకు, వాటికి ముడిసరుకు అందించే బాక్టీరియాకు ఆహారమవుతుంది. ఒకటి తగ్గిన చోట మరొకటి పుంజుకోవచ్చు. అందుకే వైరస్‌లతో మీథేన్‌ను అదుపు చేయవచ్చన్న ఆశావాదాన్ని ప్రస్తుతానికి ఆలోచనగానే చూడటం మంచిది.

ఉప్పు గీసే గీత

గంజాం తీరం ఈ విషయంలో ప్రత్యేకంగా ఆసక్తి కలిగిస్తుంది, ఎందుకంటే యాభై అరవై కిలోమీటర్ల లోపలే అన్ని రకాల నీళ్లూ ఉన్నాయి. తంపర మంచినీటి సరస్సు. ఋషికుల్య మొగ దగ్గర ఆటుపోట్ల నీరు. అక్కడి నుంచి పాలూరు కాలువ చిలికా దక్షిణ భాగానికి వెళుతుంది. రంభ వైపు పెద్ద నదులేవీ కలవవు కాబట్టి ఉప్పదనం నిలకడగా ఉంటుంది. ఉత్తరాన దయ, భార్గవి వంటి మహానది పాయలు వర్షాకాలంలో చిలికా ఆ భాగాన్ని దాదాపు మంచినీరుగా మార్చేస్తాయి. సరస్సు విస్తీర్ణమే ఎండాకాలంలో సుమారు 906 చదరపు కిలోమీటర్ల నుంచి వర్షాకాలంలో 1,165 దాకా పెరుగుతుంది. వీటన్నిటి మధ్య హుమ్మా ఉప్పుమడులు.

ఉప్పు ఇంత ముఖ్యం కావడానికి కారణం సల్ఫేట్. లీటరు సముద్రపు నీటిలో అది దాదాపు 2.7 గ్రాములు ఉంటుంది. ప్రాణవాయువు లేని బురదలో సల్ఫేట్ దొరికితే, దాన్ని వాడుకునే బాక్టీరియా మీథేన్ తయారుచేసే ఆర్కియా కన్నా ముందే ఆహారాన్ని లాగేసుకుంటుంది. ఫలితంగా మీథేన్ బదులు కుళ్లిన గుడ్ల వాసన వచ్చే హైడ్రోజన్ సల్ఫైడ్ పుడుతుంది, బురద ఇనుముతో కలిసి కారునలుపు తిరుగుతుంది. ఉప్పుటేటి గట్టున నడిచినప్పుడు ముక్కుకు తగిలే వాసన ఒక రకంగా మీథేన్ తక్కువగా ఉందనడానికి గుర్తు. సముద్రపు నీటి ఉప్పదనంలో సగానికి పైగా ఉన్న చిత్తడి నేలల్లో మీథేన్ ఉద్గారం చాలా తక్కువగా ఉన్నట్టు అనేక దేశాల కొలతలు చెబుతున్నాయి.

వైరస్‌ల పని కూడా ఈ గీతకు అటూ ఇటూ మారుతుంది. మంచినీటి బురదలో ఫేజ్ పగలగొట్టిన కణపు రసం అంచెలంచెలుగా మీథేన్ ఆర్కియాకు ముడిసరుకవుతుంది. ఉప్పు బురదలో అదే రసం సల్ఫేట్ బాక్టీరియా పాలవుతుంది, కార్బన్ డయాక్సైడ్‌గా ముగుస్తుంది. వైరస్ చేసిన పని ఒకటే, తేలిన వాయువు వేరు. వేడెక్కించే శక్తిలో ఆ రెండింటి మధ్య తేడా ఎంతో పైన చూశాం. తెలుగు పాఠకులకు తెలిసిన జంట చెప్పాలంటే కొల్లేరు, పులికాట్. మొదటిది మంచినీటిది, రెండోది ఉప్పునీటిది. వైరస్‌ల సంఖ్య రెంటిలో సమానంగా ఉందనుకున్నా వాటి పని ఫలితం సమానం కాదు.

నది నీరు సముద్రపు నీటితో కలిసే చోట మరొకటి జరుగుతుంది. ఉప్పు తగలగానే నది తెచ్చిన బంకమట్టి రేణువులు ఒకదానికొకటి అంటుకుని ముద్దలవుతాయి. నీటిలో తేలుతున్న వైరస్‌లు వాటికి అతుక్కుని బురదలోకి దిగుతాయి. మంచినీటికి అలవాటుపడిన బాక్టీరియా అదే చోట ఉప్పు తట్టుకోలేక చస్తుంది. ఒక సూక్ష్మజీవుల సమాజం కూలి మరొకటి లేచే ఈ అంచుల్లో వైరస్‌ల లెక్కలు రోజు రోజుకూ మారిపోతాయి. ఏడాదికి ఒకసారి ఒక నమూనా తీసి చిలికా మొత్తానికి ఒక అంకె చెప్పడం అందుకే సరికాదు.

ఉప్పుమడులు చెప్పే పాఠం మరీ విలువైనది. మడి మార్చి మడికి ఉప్పునీరు చిక్కబడుతున్నకొద్దీ బాక్టీరియాను తినే ఏకకణ జీవులు అంతరిస్తాయి. నీరు గులాబీ రంగు తిరిగేసరికి అందులో ఉప్పును ఇష్టపడే ఆర్కియా, వాటి వైరస్‌లే ఎక్కువగా మిగులుతాయి. స్పెయిన్‌లోని ఉప్పుమడుల్లో మిల్లీలీటరుకు వంద కోట్ల దాకా వైరస్‌లను లెక్కించారు. వేటాడేవి ఇంకేవీ లేవు కాబట్టి కణాలన్నిటినీ అవే చంపేస్తూ ఉండాలనిపిస్తుంది. 1996లో వెలువడిన ఆ అధ్యయనంలో తేలింది అది కాదు. అంత చిక్కటి నీటిలో కణాలు చాలా నెమ్మదిగా పెరుగుతాయి, వైరస్‌లు చంపేదీ కొద్ది శాతమే. ఎక్కువ వైరస్‌లు ఉన్నాయంటే ఎక్కువ కర్బనం కదులుతోందని అర్థం కాదన్నమాట. సంఖ్య చూసి పాత్రను ఊహించే ప్రతి వార్తకూ ఈ ఒక్క ఉదాహరణ జవాబు.

తుపాను వచ్చి వెళ్లాక

2013 అక్టోబరు 12 రాత్రి ఫైలిన్ తుపాను గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది. ఆ తర్వాతి వరదలతో చిలికా ఉప్పదనం బాగా పడిపోయింది. 2018 అక్టోబరులో తిత్లీ పలాస దగ్గర, 2019 మేలో ఫనీ పూరీ దగ్గర తీరం దాటాయి. తుపాను అంటే సరస్సుకు ఒకేసారి మూడు మార్పులు: అడుగు బురద కలకబారుతుంది, నది నుంచి కుళ్లుతున్న ఆకులు, పోషకాలు వచ్చిపడతాయి, ఉప్పు తగ్గుతుంది.

ఈ మూడూ వైరస్‌లను కదిలించేవే. బురదలో అతుక్కుని ఉన్నవి నీటిలోకి వస్తాయి. పోషకాలు దొరికిన బాక్టీరియా వేగంగా పెరుగుతుంది, వేగంగా పెరిగే జాతినే ఫేజ్‌లు ఎక్కువగా పట్టుకుంటాయి. ఈ ధోరణిని వివరించే సిద్ధాంతానికి 1997లో గెలిచినవాణ్ని చంపు అన్న అర్థం వచ్చే పేరు పెట్టారు. పోషకాలు మరీ ఎక్కువై బాక్టీరియా కిక్కిరిసినప్పుడు ఫేజ్‌లు చంపడం మాని నిద్రాణ పద్ధతికి మారతాయన్న వాదన 2016లో వచ్చింది. రెండింటికీ ఆధారాలు ఉన్నాయి. లోతు తక్కువ ఉన్న వెచ్చటి సరస్సులో ఎప్పుడు ఏది నడుస్తుందన్నది ఇప్పుడు తేలవలసిన ముఖ్యమైన ప్రశ్న.

నీరు తేటపడేకొద్దీ ఎండ తన పని చేస్తుంది. సూర్యకాంతిలోని అతినీలలోహిత కిరణాలు ఫేజ్‌ల జన్యువులను దెబ్బతీస్తాయి. వరద నీరు మట్టిరంగులో ఉన్నంతకాలం ఆ కాంతి లోపలికి దిగదు, వైరస్‌లు ఎక్కువ కాలం పనిచేస్తాయి.

వైరస్‌లే ఆహారమైతే

ఇంకో చిన్న మలుపు. వైరస్‌లు ఆహారపు మెట్ల నుంచి కర్బనాన్ని తప్పిస్తాయని అనుకున్నాం. 2022 చివర్లో అమెరికాలోని నెబ్రాస్కా విశ్వవిద్యాలయానికి చెందిన జాన్ డిలాంగ్ బృందం, హాల్టీరియా అనే చెరువు జీవి వైరస్‌లనే తిని బతకగలదని చూపింది. నాచును ఆశ్రయించే క్లోరోవైరస్‌లు తప్ప మరో ఆహారం ఇవ్వకపోయినా రెండు రోజుల్లో ఆ జీవుల సంఖ్య సుమారు 15 రెట్లు పెరిగింది, వైరస్‌లు వంద రెట్ల దాకా తగ్గాయి. ప్రయోగశాల గిన్నెలో జరిగినది చెరువులోనూ అంతే జోరుగా జరుగుతుందని అనలేం. కానీ పక్క కాలువలోకి పోయిన కర్బనంలో కొంత మళ్లీ అసలు కాలువలోకి, అంటే చేపల వైపు, తిరిగి రావడానికి ఒక దారి ఉందని తెలిసింది.

కర్బనం లెక్క వేసేటప్పుడు

చిత్తడి నేల ఎంత కర్బనం దాచిందో చెప్పడానికి సాధారణంగా బురద లోతు, అందులోని కర్బన శాతం, పైన పెరిగిన మొక్కల బరువు కొలుస్తారు. దాచిన నిల్వ ఎంతో దీని నుంచి తెలుస్తుంది. ఏటా ఎంత చేరుతోంది, ఎంత పోతోంది అన్నది తెలియదు. కర్బన వ్యాపారంలో చిత్తడి నేలలకు వెల కట్టే ప్రతిపాదనలకు ఈ తేడా చాలా ముఖ్యం. బురదలో నిల్వ పెరుగుతున్న సరస్సు కూడా మీథేన్ రూపంలో అంతకన్నా ఎక్కువ నష్టం చేస్తూ ఉండవచ్చు. మంచినీటి సరస్సుల విషయంలో ఈ అవకాశం ఎక్కువ.

వైరస్‌లను లెక్కలోకి తీసుకోవాలంటే వాటిని లెక్కించడం ఒక్కటే చాలదని ఉప్పుమడుల ఉదాహరణ చూపింది. ఒక గంటలో ఎన్ని కణాలు పగులుతున్నాయో కొలవాలి. 0.02 మైక్రోమీటర్ల రంధ్రాలున్న వడపోత పొర మీద వైరస్‌లను పట్టి, జన్యుపదార్థానికి అంటుకునే రంగు వేసి, వెలుగులో మెరిసే చుక్కలను లెక్కించడం తొలి మెట్టు. వైరస్‌లను పలచన చేసిన నీటిని గంటల పాటు ఉంచి, కణాల నుంచి కొత్తగా ఎన్ని పుడుతున్నాయో చూడటం రెండోది. అక్కడే, అదే రోజు, ఉప్పదనం, ప్రాణవాయువు, నీటి మీద నుంచి లేచే మీథేన్ కొలవడం మూడోది. మూడూ ఒకేచోట జరిగితేనే ఒకదానికి మరొకటి కారణమా అన్నది తేలుతుంది.

సరస్సుల నిర్వహణలో ఇప్పటికే తీసుకుంటున్న నిర్ణయాలకు కూడా దీని సంబంధం ఉంది. పూడికతో ఉప్పదనం తగ్గిపోయిన చిలికాను 1993లో ప్రమాదంలో ఉన్న రామ్‌సర్ ప్రదేశాల జాబితాలో చేర్చారు. 2000 సెప్టెంబరులో సముద్రానికి కొత్త మొగ తవ్వాక ఉప్పునీరు తిరిగి వచ్చింది, చేపల దిగుబడి కొన్ని రెట్లు పెరిగింది, 2002లో ఆ జాబితా నుంచి సరస్సును తొలగించారు. అప్పట్లో ఈ నిర్ణయాన్ని చేపల కోసం, కలుపు మొక్కల అదుపు కోసం తీసుకున్నారు. కానీ మొగ తెరిచిన రోజున సల్ఫేట్ కూడా లోపలికి వచ్చింది. ఉత్తర చిలికాలో కిక్కిస దుబ్బుల కింద మీథేన్ పుట్టే బురద విస్తీర్ణం, వైరస్‌లు పగలగొట్టిన కణాల రసం ఏ జీవి పాలవుతుందన్నది, ఆ నీటితో పాటే మారే విషయాలు. పాలూరు కాలువలో పూడిక తీసినా, తీయకపోయినా, తంపరలోకి వచ్చే నీటి దారి మారినా ఇదే వర్తిస్తుంది. కాలువ లోతును నిర్ణయించే ఇంజనీరు ముందుండే పటంలో చేప, పడవ, ఉప్పు అనే మూడు గడులు ఇప్పటికే ఉన్నాయి. మీథేన్‌కు నాలుగో గడి చేర్చడానికి కావలసిన పరికరాలు ఒక చిన్న నావలో పడతాయి.